నేల మీది, ఇల్లు వాళ్లది: కాలిఫోర్నియాలో మొబైల్ హోమ్ పార్కు యజమానికి చట్టపరమైన మార్గదర్శి

హైదరాబాదులో ఫ్లాటు అద్దెకిచ్చేవాళ్లకి ఒక పద్ధతి అలవాటు. పదకొండు నెలల అగ్రిమెంటు రాసుకుంటారు, పొసగకపోతే "రెండు నెలల్లో ఖాళీ చేయండి" అని ఒక మాట చెబుతారు. నలుగురు స్నేహితులు కలిసి ఎల్‌ఎల్‌సీ అనే కంపెనీ పెట్టి కాలిఫోర్నియాలో మొబైల్ హోమ్ పార్కు, అంటే ఫ్యాక్టరీలో తయారయి తెచ్చి దించిన ఇళ్లుండే పార్కు కొంటే, ముందు మరచిపోవలసింది ఆ పద్ధతినే. ఇక్కడ మీరు అద్దెకిచ్చేది ఇల్లు కాదు, ఇల్లు నిలబడ్డ నేల. ఇల్లు అందులో ఉండేవారి సొంతం, దాని మీద వాళ్లకి బ్యాంకు అప్పు కూడా ఉండవచ్చు. పేరుకి మొబైల్ హోమే గాని, ఒకసారి దించి, కింది ఖాళీ మూసేలా చుట్టూ స్కర్టింగ్ కట్టి, కరెంటు, నీళ్లు, మురుగు కలిపాక అది కదలదు. కదిలించాలంటే వేల డాలర్లు అవుతాయి. పాతబడిన ఇంటిని మరో పార్కు చేర్చుకోదు కూడా. అందుకే ఒకరి అద్దె ఒప్పందం రద్దు చేయడమంటే దాదాపుగా వాళ్ల ఇల్లు లాక్కోవడమేనని చట్టం చూస్తుంది. కింద చెప్పే ప్రతి గడువు, ప్రతి నోటీసు ఆ ఒక్క విషయం నుంచే పుట్టాయి.

మీ దగ్గర రెండు చట్టాలు ఉండాలి. మొదటిది సివిల్ కోడ్ 798తో మొదలయ్యే మొబైల్‌హోమ్ రెసిడెన్సీ లా. యజమానికీ ఇంటివాళ్లకీ మధ్య నడిచే వ్యవహారమంతా అందులో ఉంది. రెండోది హెల్త్ అండ్ సేఫ్టీ కోడ్‌లోని మొబైల్‌హోమ్ పార్క్స్ యాక్ట్, దాని కింద వచ్చిన టైటిల్ 25 నిబంధనలు. పైపులు, వైర్లు, స్పేసుల (ఒక్కో ఇల్లు నిలిపే స్థలాల) మధ్య దూరం, తనిఖీలు దీని పరిధిలోకి వస్తాయి. దీన్ని అమలు చేసేది రాష్ట్ర హౌసింగ్ శాఖ, అందరూ పిలిచే పేరు హెచ్‌సీడీ. కొన్ని ఊళ్లలో ఆ పని నగరమో కౌంటీయో చేస్తుంది. ఈ చట్టాలకి దాదాపు ఏటా సవరణలు వస్తాయి. కాబట్టి ఏ నోటీసయినా ఇచ్చే ముందు ఆ ఏటి ప్రతి చూసుకుని, పార్కు కేసులు చూసే లాయరుకి ఒకసారి చూపించండి.

కొనే ముందు

అమ్మేవాళ్లిచ్చే అద్దెల పట్టిక చూసి ధర కట్టకండి. ముందు పార్కు నడపడానికి హెచ్‌సీడీ ఇచ్చిన అనుమతి, పర్మిట్ టు ఆపరేట్ తీసుకుని, అందులో ఎన్ని స్పేసులున్నాయో, నేల మీద ఎన్ని ఇళ్లున్నాయో మీరే నడిచి లెక్కపెట్టండి. పర్మిట్‌లో 62 ఉండి నేల మీద 64 ఇళ్లు కనిపిస్తే ఆ రెండు స్పేసుల అద్దె మీది కాదనే అనుకోండి. తర్వాత తెరిచి ఉన్న ఉల్లంఘన నోటీసులు, నగరం షరతుల మీద ఇచ్చే భూ వినియోగ అనుమతి (కండిషనల్ యూజ్ పర్మిట్) గడువు, ఆ ఊళ్లో అద్దె నియంత్రణ ఆర్డినెన్సు, అంటే స్థానిక చట్టం ఉందో లేదో చూడాలి.

అద్దె ఒప్పందాలన్నీ చదవండి. పన్నెండు నెలలకు మించిన లీజులు స్థానిక అద్దె నియంత్రణ కిందికి రావని ఒకప్పుడు మినహాయింపు ఉండేది. 2020లో వచ్చిన ఏబీ (రాష్ట్ర అసెంబ్లీ బిల్లు) 2782 దాన్ని తీసేసింది. 2025 జనవరి 1 నుంచి ఆ మినహాయింపు ఏ లీజుకీ వర్తించదు. పాత లీజులో ఏటా పెంపు ఉందని చూసి ధర కడితే ఆ పెంపు ఇప్పుడు ఆర్డినెన్సు దగ్గర ఆగిపోవచ్చు. ప్రతి ఇంటివారి నుంచీ అద్దె ఎంత, డిపాజిట్ ఎంత, మాట మీద ఇచ్చిన హామీలేమైనా ఉన్నాయా అని సంతకంతో ఒక ధ్రువపత్రం తీసుకోండి. "పాత ఓనరు నాకు రెండో కారు ఉచితమన్నారు" అన్న తగువు ఆరు నెలల తర్వాత రాకుండా ఇది ఆపుతుంది.

ఇంకో మూడు విషయాలున్నాయి. 50, అంతకంటే ఎక్కువ స్పేసులుంటే అత్యవసరాలకి స్పందించే బాధ్యుడు పార్కులోనే కాపురముండాలి. ఫోన్లో దొరికితే చాలదు. పార్కు సొంతంగా ఉంచుకుని అద్దెకిచ్చిన ఇళ్లుంటే వాటి టైటిళ్లు (యాజమాన్య పత్రాలు) విడిగా తేలాలి. ఆ ఇళ్లలో ఉండేవాళ్లు మామూలు అద్దెదారులు, కాబట్టి రాష్ట్రవ్యాప్త అద్దె పరిమితి చట్టం ఏబీ 1482 వాళ్లకి వర్తించవచ్చు. చివరిది నివాసుల సంఘం. కొనుగోలులో ఆసక్తి ఉందని సంఘం ముందే రాసిచ్చి ఉంటే, పార్కును అమ్మకానికి పెట్టే ముందు కనీసం 30 రోజుల నోటీసు దానికి ఇవ్వాలి. దీనికి కొన్ని మినహాయింపులున్నాయి. అమ్మేవారు ఆ నోటీసు ఇచ్చారో లేదో కాగితంతో సహా అడగండి.

అద్దె ఒప్పందం

ఒప్పందం కాగితం మీదే ఉండాలి. కాలవ్యవధి, అద్దె, పార్కు నియమాలు, ఉమ్మడి సౌకర్యాలను మంచి స్థితిలో ఉంచే బాధ్యత యాజమాన్యానిదన్న మాట, రెసిడెన్సీ లా ప్రతి, అన్నీ అందులో భాగమే. ఇంటివారికి 12 నెలల ఒప్పందం ఇవ్వజూపాలి. అంతకంటే తక్కువ కాలం వాళ్లడిగితే ఇవ్వాలి, ఎక్కువ కాలమయితే ఇద్దరూ ఒప్పుకోవాలి. ఏటా ఫిబ్రవరి 1లోగా హక్కులు, బాధ్యతల నోటీసు ప్రతి ఇంటికీ అందాలి. చట్టంలో పెద్ద మార్పు వచ్చిన ఏడు, మారిన ప్రతి గురించి కూడా ఆలోపే తెలపాలి. దీన్ని మరచిపోయే మేనేజర్లు చాలామంది. జనవరి మొదటి వారంలో చేసే పనిగా క్యాలెండర్లో పెట్టండి.

డిపాజిట్ రెండు నెలల అద్దెకు మించకూడదు. ఇంటివారు వరసగా 12 నెలలు గడువు తేదీ తర్వాత ఐదు రోజుల్లోపు అన్నీ కట్టేస్తే, వాళ్లు రాసి అడిగినప్పుడు డిపాజిట్ తిరిగివ్వాలి. ఖాళీ చేసేదాకా డిపాజిట్ మన దగ్గరే ఉంటుందన్న అలవాటు ఇక్కడ చెల్లదు.

అద్దె పెంపు, ఇతర వసూళ్లు

అద్దె పెంచాలంటే 90 రోజుల ముందు రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. జనవరి 1 నుంచి పెంపు కావాలంటే అక్టోబరు 3 కల్లా నోటీసు వాళ్ల చేతికి అంది ఉండాలి. పోస్టులో పంపేటట్టయితే సెప్టెంబరు 25 దాటనివ్వకండి. ఒక్క రోజు తక్కువైనా ఆ పెంపు చెల్లదనే వాదన వస్తుంది, అప్పటిదాకా ఎక్కువ వసూలు చేసిందంతా తిరిగివ్వాల్సి వస్తుంది.

రాష్ట్రమంతటికీ వర్తించే స్పేసు అద్దె పరిమితి లేదు. ఉన్నదంతా స్థానికమే. శాన్ హోసేలో ఏడాది పెంపు వినియోగదారుల ధరల సూచీ పెరుగుదలలో 75 శాతం, అది 3 శాతానికి తగ్గకుండా, 7 శాతానికి మించకుండా ఉంటుంది. కార్సన్ వంటి చోట్ల అద్దె పెంపుకి నగర అద్దె బోర్డుకి దరఖాస్తు పెట్టుకోవాలి. కొన్ని ఊళ్లలో ఇల్లు చేతులు మారినా అద్దె మార్కెట్ ధరకి పెంచనివ్వరు. ఈ నియంత్రణ రాజ్యాంగ విరుద్ధమని ఎస్కాండీడో పార్కు యజమానులు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 1992లో యీ వర్సెస్ సిటీ ఆఫ్ ఎస్కాండీడో తీర్పులో, ఇది భూమిని భౌతికంగా స్వాధీనం చేసుకోవడం కిందికి రాదని కోర్టు తేల్చింది. మీకు న్యాయమైన రాబడి రావడం లేదనుకుంటే బోర్డు ముందు లెక్కలతో నిరూపించుకోవాలి. మొదటి రోజు నుంచీ ఖర్చుల రసీదులు ఏడాది వారీగా పెట్టుకున్నవాళ్లే ఆ విచారణలో నిలబడతారు.

అద్దె, యుటిలిటీలు, నిజంగా చేసిన సేవలకు సమంజసమైన రుసుము, వీటికి మించి వసూలు చేయకూడదు. ఒప్పందంలో లేని సేవకి కొత్తగా రుసుము పెట్టాలంటే 60 రోజుల నోటీసు ఇవ్వాలి. కుటుంబ సభ్యుల సంఖ్యను బట్టి రుసుము వేయకూడదు. అతిథి వరసగా 20 రోజులు, ఏడాదిలో మొత్తం 30 రోజులు మించకుండా ఉంటే ఏమీ అడగకూడదు. మన ఇళ్లలోలాగే అక్కడా మనవళ్లని చూసుకోవడానికి అమ్మమ్మలు వస్తుంటారు. ఎవరు ఎప్పుడు వచ్చారో రాసి ఉంచుకోకుండా "ఎక్కువ రోజులుంటున్నారు" అని బిల్లు పంపితే ఓడిపోయేది మీరే.

కరెంటు, గ్యాసు పార్కంతటికీ కలిపి ఉన్న మీ మాస్టర్ మీటరు ద్వారా వెళుతుంటే, యుటిలిటీ కంపెనీ నేరుగా ఇస్తే వేసే ధర కంటే ఎక్కువ వేయరాదు. ఆ ధరల పట్టిక అందరికీ కనిపించేలా అతికించాలి. అల్పాదాయ రాయితీ ఉన్న ఇంటికి దాన్ని అందించాలి. ఒక్కో ఇంటికి పెట్టిన సబ్‌మీటర్లకి కౌంటీ తూనికలు కొలతల శాఖ ముద్ర ఉందో లేదో ఏటా చూడండి.

మరమ్మతు ఎవరిది

తగువులు ఎక్కువగా వచ్చేది ఇక్కడే. స్పేసులో కరెంటు ఇచ్చే పెట్టె, అంటే పెడెస్టల్ దాకా పార్కుది, అక్కడి నుంచి ఇంట్లోకి వెళ్లే తీగ ఇంటివారిది. ఎండాకాలంలో ఏసీలు తిరిగి బ్రేకర్ పదేపదే పడుతుంటే, పెడెస్టల్ పాతది, 50 ఆంపియర్లది అయి ఉండవచ్చు. అప్పుడు "మీ ఏసీ తగ్గించుకోండి" అని నోటితో చెప్పకండి. ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించి, కొలతలు రాయించి, ఫైలులో పెట్టండి. ఎవరి వైపు లోపమో అప్పుడే తేలుతుంది.

చెట్ల విషయంలో చాలామంది పొరబడతారు. స్పేసులోని చెట్టు ఇంటివారే నాటుకున్నా, అది ప్రమాదంగా మారిందంటే కొమ్మలు కొట్టించడం, తీయించడం యాజమాన్యం బాధ్యతే. వేర్లు డ్రైవ్‌వేని ఎత్తేస్తే దాన్ని కూడా చాలావరకు మీరే చూసుకోవాలి. డ్రైవ్‌వేని ఇంటివారే వేసుకునో, పార్కు వేసినదాన్ని వాళ్లు పాడుచేసో ఉంటే అది వేరు.

మరమ్మతు కోసం నీళ్లో కరెంటో రెండు గంటలకు మించి ఆపాలంటే 72 గంటల ముందు నోటీసు ఇవ్వాలి, అత్యవసరమయితే తప్ప. ఇంటివారి అనుమతి రాతలో లేకుండా ఇంట్లోకి అడుగు పెట్టకూడదు. యుటిలిటీలు, చెట్లు, డ్రైవ్‌వేల పని మీద స్పేసులోకి మాత్రం తగిన సమయంలో వెళ్లవచ్చు. ఇంటివారు ఆవరణ శుభ్రం చేయకపోతే 14 రోజుల నోటీసు ఇచ్చి, ఆ తర్వాత మీరే చేయించి సమంజసమైన ఖర్చు వసూలు చేసుకోవచ్చు. ఆ నోటీసులో ఏ పని చేయాలో, ఎంత ఖర్చవుతుందో రాయండి. ముందూ తర్వాతా ఫోటోలు తీయండి.

నియమాలు

కొత్త నియమం పెట్టాలన్నా పాతది మార్చాలన్నా ముందు నోటీసిచ్చి ఇంటివాళ్లతో సమావేశమవాలి. ఆ తర్వాత వాళ్ల సమ్మతితోనో, సమ్మతి లేకుంటే 6 నెలల నోటీసు తర్వాతో అది అమల్లోకి వస్తుంది. క్లబ్‌హౌస్, ఈతకొలను వంటి వినోద సౌకర్యాల నియమాలకయితే 60 రోజులు చాలు. కనీసం ఒక పెంపుడు జంతువును అనుమతించాలి. వైకల్యం ఉన్నవారి సహాయక జంతువు పెంపుడు జంతువు లెక్కలోకి రాదు, దానికి పెంపుడు జంతువు రుసుము అడగడమే వివక్ష అవుతుంది. పార్కును 55 ఏళ్లు దాటినవారికే అనాలంటే, ఇళ్లలో కనీసం 80 శాతంలో 55 దాటినవారు ఒక్కరైనా ఉండాలి. దానికి తగిన విధానమూ, వయసు ధ్రువీకరణ కాగితాలూ ఉండాలి. ఆ కాగితాలు లేకుండా పిల్లలున్న కుటుంబాన్ని తిప్పి పంపితే అది ఫెడరల్ ఫెయిర్ హౌసింగ్ చట్టం కింద కేసు.

నియమాలు మీకూ వర్తిస్తాయి. ఇంటివాళ్లు తమ ఇల్లు సబ్‌లీజుకి ఇవ్వరాదన్న నియమం పెట్టి, పార్కు ఇళ్లని మీరు అద్దెకివ్వడానికి వీలు లేదు. దీనికి కొన్ని మినహాయింపులు మాత్రం ఉన్నాయి.

ఇల్లు అమ్ముకునేటప్పుడు

ఇంటివారు ఉన్న చోటే ఇల్లు అమ్ముకోవచ్చు. కొనేవారికి అద్దె కట్టే స్తోమత ఉంటే మీరు కాదనలేరు. గతంలో అద్దెకున్న చోట వాళ్ల నడవడిని బట్టి ఇక్కడి నియమాలు పాటించరని తేలితే తప్ప. దరఖాస్తు పూర్తిగా అందిన 15 పని దినాల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలి. స్తోమత చూడటానికి ఆదాయపు పన్ను రిటర్నులు అడగకూడదు, ఇది చాలామందికి తెలియదు. క్రెడిట్ రిపోర్టుకి తీసుకున్న డబ్బు, ఆమోదిస్తే మొదటి నెల అద్దెలో జమ చేయాలి, తిరస్కరిస్తే తిరిగివ్వాలి.

అమ్మకం మీద బదిలీ రుసుము వసూలు చేయరాదు. అమ్మేటప్పుడు కోరగలిగిన మరమ్మతులు ఇంటి బయటి భాగానికీ, చట్టం లేదా నియమాలు కోరేవాటికీ పరిమితం. అమ్మేవారు రాసి అడిగితే ఆ జాబితా చట్టం చెప్పిన గడువులోగా ఇవ్వాలి. పాత ఇల్లని పార్కు నుంచి తీసేయమనడానికి వయసు ఒక్కటే చాలదు. ఆరోగ్య, భద్రతా ప్రమాణాలు తప్పిందని నిరూపించే భారం మీ మీదే ఉంటుంది. 1976 జూన్ 15కి ముందు తయారయిన ఇళ్లకి ఫెడరల్ గృహ నిర్మాణ శాఖ (హెచ్‌యూడీ) ముద్ర ఉండదు. ఆ ముద్ర లేకపోవడమే లోపమని మాత్రం చట్టం అనదు.

ఒప్పందం రద్దు

చట్టం చెప్పిన ఏడు కారణాల్లో ఒకటి ఉండాల్సిందే. అవి చట్ట ఉల్లంఘన, తీవ్రమైన ఇబ్బంది కలిగించడం, పార్కులో జరిగిన కొన్ని నేరాలకు శిక్ష పడటం, నియమ ఉల్లంఘన, బకాయి, ప్రభుత్వం భూమి తీసుకోవడం, పార్కు వినియోగం మార్చడం. ఏ కారణమయినా కనీసం 60 రోజుల నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసు ఎలా అందించాలో సివిల్ ప్రొసీజర్ కోడ్ 1162 చెబుతుంది. చేతికిస్తే మంచిది. దొరక్కపోతే ఇంట్లో వయసొచ్చినవారికిచ్చి పోస్టులో కూడా పంపాలి. అదీ కుదరకపోతే తలుపుకి అతికించి పోస్టు చేయాలి.

బకాయి లెక్క ఇలా చూడండి. అద్దె గడువు 1వ తేదీ. ఆ రోజు లెక్కలోకి రాదు, 2 నుంచి 6 వరకు ఐదు రోజులు. 7వ తేదీన మూడు రోజుల నోటీసు ఇవ్వవచ్చు. శని, ఆదివారాలు, కోర్టు సెలవులు లెక్కించకపోవడం క్షేమం. 60 రోజుల నోటీసు దానితో కలిపే ఇవ్వవచ్చు. ఆ మూడు రోజుల్లో కట్టేస్తే రద్దు ఆగిపోతుంది. మూడు రోజుల నోటీసులో అద్దె, యుటిలిటీలు, సమంజసమైన సేవల రుసుము మాత్రమే చూపించాలి. లేటు ఫీజు, లాయరు ఖర్చు చేర్చి మొత్తం పెంచారా, నోటీసంతా పోయే ప్రమాదముంది. గత 12 నెలల్లో ఇది ఎన్నో నోటీసో తెలిపే హెచ్చరికని 12 పాయింట్ల బోల్డు అక్షరాల్లో, చట్టంలో ఉన్న మాటలతోనే పెట్టాలి. మూడు నోటీసులు దాటాక మళ్లీ కట్టే అవకాశం ఇవ్వనక్కర్లేదు, కాని హెచ్చరిక లేని నోటీసులు ఆ లెక్కలోకి తీసుకోవడం కష్టం.

నోటీసు ప్రతులు ఇంటి మీద అప్పిచ్చిన సంస్థకీ, ఇతర హక్కుదారులకీ 10 రోజుల్లో పంపాలి. బకాయి కేసులో రిటర్న్ రిసీట్‌తో సర్టిఫైడ్ మెయిల్‌లోనే పంపాలి. వాళ్లకి 30 రోజుల్లో బకాయి కట్టి ఇంటిని కాపాడుకునే హక్కుంది. వాళ్లెవరో తెలియాలంటే ముందే హెచ్‌సీడీలో టైటిల్ సెర్చ్ చేయించాలి. కేసులు ఎక్కువగా ఇక్కడే తప్పుతాయి.

నియమ ఉల్లంఘనకైతే ముందు 7 రోజుల నోటీసు ఇచ్చి సరిదిద్దుకోనివ్వాలి. కారణం ఏదైనా, తేదీ, చోటు, సాక్షులు, సందర్భం అర్థమయ్యేంత వివరం నోటీసులో ఉండాలి. "మీ కుటుంబం తరచూ ఇతరులకు ఇబ్బంది కలిగిస్తోంది" అన్న వాక్యం కోర్టులో నిలవదు. "మార్చి 9 రాత్రి 11:40కి, స్పేస్ 27 డ్రైవ్‌వేలో, మీ ఇంటివారు స్పేస్ 26 నివాసి కారు అద్దం పగలగొట్టారు. స్పేస్ 26, స్పేస్ 28 నివాసులు, నైట్ మేనేజర్ చూశారు" అని రాస్తే నిలుస్తుంది. మేనేజర్ చేతిలో రోజువారీ డైరీ లేకపోతే ఇలాంటి వాక్యం ఎవరూ రాయలేరు.

60 రోజులు దాటినా వెళ్లకపోతే సూపీరియర్ కోర్టులో అన్‌లాఫుల్ డిటైనర్ (ఖాళీ చేయించే) దావా వేయాలి. 2025 జనవరి 1 నుంచి జవాబివ్వడానికి ప్రతివాదికి 10 కోర్టు దినాలు ఉంటాయి, అంతకుముందు ఐదే. తాళం మార్చడం, నీళ్లు ఆపడం, మీటరు తీయడం ఎప్పుడూ చేయకండి. గెలిచే కేసును కూడా అది తిప్పేస్తుంది. నోటీసు గడువు తర్వాత వచ్చిన అద్దె చెక్కు లాయరుని అడక్కుండా బ్యాంకులో వేయకండి.

ఇల్లు వదిలేసి వెళ్తే

మనుషులు వెళ్లిపోయినా ఇల్లు నిలబడే ఉంటుంది. రెండు దారులున్నాయి. అప్పిచ్చినవారు రద్దు నోటీసు అందిన 60 రోజుల్లో ఏమీ తేల్చకపోతే, బకాయి కింద ఇంటి మీద హక్కు (వేర్‌హౌస్ లీన్) పెట్టి కమర్షియల్ కోడ్ ప్రకారం వేలం వేయవచ్చు. లేదా 60 రోజులుగా అద్దె రాక, ఖాళీగా, వదిలేసినట్టు కనిపించే ఇంటికి నోటీసు అతికించి, రిజిస్టర్డ్ పోస్టులో పంపి, 30 రోజుల తర్వాత 798.61 కింద కోర్టులో పిటిషన్ వేయవచ్చు. ఇల్లు కూల్చివేతకే పనికొస్తుందంటే పాత ఆస్తిపన్ను బకాయి కట్టకుండానే తొలగించే వీలు 2015 నాటి ఏబీ 999 ఇచ్చింది. అలా తీసుకున్న ఇంటిని మళ్లీ ఎవరికీ నివాసానికి అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు.

మూసేయాలంటే

పార్కును మూసి అపార్ట్‌మెంట్లు కట్టాలనుకుంటే, వెళ్లాల్సిన కుటుంబాల మీద ప్రభావం ఎలా ఉంటుందో నివేదిక తయారుచేసి స్థానిక ప్రభుత్వానికీ ప్రతి ఇంటికీ ఇవ్వాలి. అనుమతుల కోసం స్థానిక ప్రభుత్వ బోర్డు ముందుకి వెళ్లడానికి కనీసం 60 రోజుల ముందు నోటీసు, అనుమతులు వచ్చాక కనీసం 6 నెలల నోటీసు ఇవ్వాలి. అనుమతులే అక్కర్లేని మార్పయితే 12 నెలలు. ఇంటిని తగిన మరో పార్కుకి తరలించే వీల్లేనివారికి, ఆ ఇల్లు ఉన్న చోటే ఉంటే పలికే మార్కెట్ ధర చెల్లించాలని ఏబీ 2782 చెబుతోంది. ఆ ధరని రాష్ట్ర సర్టిఫైడ్ అప్రైజర్, పార్కు మూతపడటం లేదనుకుని కట్టాలి. ఖర్చు అంచనా వేసేటప్పుడు ఇళ్ల సంఖ్యని ఈ ధరతో గుణించి చూడండి. డెవలపర్లు తరచూ వదిలేసే లెక్క ఇదే.

ఫిర్యాదు వచ్చినప్పుడు

2020 జూలై 1 నుంచి ఇంటివాళ్లు రెసిడెన్సీ లా ఉల్లంఘనలపై నేరుగా హెచ్‌సీడీకి ఫిర్యాదు చేయవచ్చు. మీరు కట్టే ఏటా స్పేసుకి 10 డాలర్ల రుసుముతోనే ఆ కార్యక్రమం నడుస్తుంది. ఫిర్యాదు ఎంపికయితే 25 రోజుల్లో చిత్తశుద్ధితో సంప్రదించుకోమని ఉత్తరం వస్తుంది. తేలకపోతే అది ఉచిత న్యాయసహాయ సంస్థకి వెళుతుంది. ఉద్దేశపూర్వక ఉల్లంఘనకి కోర్టు ఒక్కోదానికి 2,000 డాలర్ల దాకా వేయవచ్చు, గెలిచినవారి లాయరు ఫీజు ఓడినవారే కట్టాలి. ఆ సొమ్మును అద్దెల మీద వేసి ఇంటివాళ్ల దగ్గర రాబట్టడాన్ని 798.42 నిషేధించింది. ఆ 25 రోజుల ఉత్తరం అందిన రోజే స్పేసు నంబరు రాసిన ఫైలు తీసి, నోటీసులు, పోస్టు రసీదులు, ఫోటోలు తేదీ వరసలో పెట్టి, ఇంటివారితో కూర్చుని మాట్లాడటానికి మీరే రెండు తేదీలు రాసి పంపండి.